చెరువుగట్టు పాఠం: నీటి పక్షులను చూద్దాం, రాసుకుందాం, ఫొటో తీద్దాం



వార్షికోత్సవ సంచిక అనగానే పదో తరగతి లెక్కలు ఎలా చదవాలి, ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలి, పోటీ పరీక్షలకు ఎలా తయారవ్వాలి అనే వ్యాసాలు గుర్తుకొస్తాయి. అవి అవసరమే. మేమూ అలాంటివి చదివే పైకొచ్చాం. కాని ఈసారి పరీక్ష లేని పాఠం ఒకటి రాయాలనుకున్నాం.

మన హాస్టల్ పూర్వ విద్యార్థులం కొందరం కొన్నేళ్లుగా చలికాలంలో ఒక ఆదివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను వెంటబెట్టుకొని నేలపట్టుకు, పులికాట్ సరస్సుకు వెళ్లివస్తున్నాం. వార్డెన్ గారి అనుమతి, వంటమ్మ తెల్లవారుజామునే లేచి కట్టిచ్చే పులిహోర పొట్లాలు ఉంటే చాలు, ప్రయాణం మొదలవుతుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్లలు అడిగే ప్రశ్నలు ఏటేటా దాదాపు ఒకటే. ఆ పక్షి పేరేమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? మా దగ్గర కెమెరా లేదు కదా, మేం వచ్చి ఏం లాభం? ఈ ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట ఉంటే తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. పక్షులను చూడటంలో కష్టమైనది పేర్లు గుర్తుపెట్టుకోవడం కాదు, కెమెరా సంపాదించడం కాదు. ఎంత దూరంలో ఆగాలో తెలుసుకోవడమే కష్టం. అది మేము పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, తప్పు చేసి నేర్చుకున్నాం. ఆ తప్పును కూడా దాచకుండా ఇందులో రాశాం.

చిత్తడి నేల అంటే ఏమిటి?

ఏడాదిలో కొంతకాలమైనా నీళ్లు నిలిచే నేలను చిత్తడి నేల అంటారు. చెరువు, కుంట, సరస్సు, మడ అడవి, ఉప్పుటేరు అన్నీ ఇందులోకి వస్తాయి. నీళ్లు పెట్టిన వరిమడి కూడా చిత్తడి నేలే. అంటే మనలో చాలామంది చిత్తడి నేలలో పుట్టి పెరిగినవాళ్లమే. నాటు వేసే రోజుల్లో అమ్మ వెనకాల గట్టు మీద కూర్చున్నప్పుడు మడిలో తిరిగిన కొంగలను చూసిన ప్రతివాడూ పక్షులను చూసినట్టే. పేరు పెట్టి రాసుకోలేదు, అంతే తేడా.

ఇలాంటి నేలలను కాపాడుకోవాలని 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రాంసార్ పట్టణంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందుకే ఏటా ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినం జరుపుతారు. మన దేశం 1982లో ఆ ఒప్పందంలో చేరింది. మన కొల్లేరు 2002లో రాంసార్ జాబితాకు ఎక్కింది.

నేలపట్టు, పులికాట్: ఒకటి ఇల్లు, ఇంకొకటి అంగడి

నేలపట్టు దొరవారిసత్రం మండలంలోని చిన్న ఊరు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడాది జరిగిన జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి చెరువును, దాని చుట్టూ ఉన్న చిట్టడవిని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు.

ఈ చెరువులో కడప చెట్లు ఉన్నాయి. ఇవి నీళ్లలో నెలల తరబడి నిలబడినా చావవు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవన వానలు పడి చెరువు నిండగానే చెట్ల చుట్టూ నీళ్లు చేరతాయి. ఆ నీళ్లే గూళ్లకు కోటగోడ. పిల్లి, నక్క, కుక్క నీళ్లు దాటి రావడం కష్టం. అందుకే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు ఇక్కడ గూళ్లు కడతాయి. చెరువు నిండని ఏడు గూళ్లూ పలచబడతాయి.

గూడబాతు ఈ చెరువుకు పెద్దదిక్కు లాంటిది. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా నెల రోజులు పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలలకు పైగా పడుతుంది. ఇంత పెద్ద పక్షికి, దాని పిల్లలకు కావలసినన్ని చేపలు ఈ ఒక్క చెరువులో దొరకవు. అందుకే పొద్దున ఎండ కాస్త వేడెక్కగానే, గాలి పైకి లేచేటప్పుడు ఆ గాలి మీద తేలుతూ వరసలు కట్టి పులికాట్ వైపు పోతాయి. గూడు నేలపట్టులో, కూడు పులికాట్‌లో. ఒకదాన్ని కాపాడి ఇంకొకదాన్ని వదిలేస్తే లాభం లేదని పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

పులికాట్‌ను మన పెద్దలు ప్రళయ కావేరి అనేవారు. మన దేశంలో చిలక తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, మిగతాది తమిళనాడులో ఉంది. కాళంగి వంటి ఏరుల మంచినీళ్లు ఒకవైపు నుంచి, సముద్రపు ఉప్పునీళ్లు ఇంకోవైపు నుంచి వచ్చి కలుస్తాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యగా వెళుతుంది. చలికాలంలో ఆ రోడ్డు పక్కన నిలబడితే చాలు, దూరంగా గులాబిరంగు గీతలా ఫ్లెమింగోలు కనిపిస్తాయి. వాటి పేరుతోనే 2001లో సూళ్లూరుపేటలో పక్షుల పండుగ మొదలైంది.

ముక్కును చూడు, తిండి తెలుస్తుంది

పక్షి పేరు తెలియనప్పుడు గాబరా పడవద్దు. మొదట దాని ముక్కు చూడండి. ముక్కును చూస్తే అది ఏం తింటుందో, ఎలా తింటుందో తెలుస్తుంది. మేము పిల్లలకు మొదటి గంటలో చెప్పేది ఇదొక్కటే.

గూడబాతు: ముక్కు కింద పెద్ద తోలుసంచి ఉంటుంది. చేపలు దాచుకోవడానికని అందరూ అనుకుంటారు. నిజానికి అది వల. నీళ్లతో సహా చేపను ఎత్తి, నీళ్లు బయటకు వదిలి, చేపను మింగేస్తుంది. ఒకప్పుడు చెరువులోంచి పొలానికి గూడ వేసి నీళ్లు తోడిన తాతలు ఈ పేరు వినగానే నవ్వుతారు. పేరులోనే పని కనిపిస్తుంది.

నత్తగుల్ల కొంగ: రెండు ముక్కుల మధ్య సందు ఉంటుంది. నోరు మూసినా పూర్తిగా మూతపడదు. నత్తలను పట్టి లోపలి కండను లాగడానికి పనికొచ్చే ముక్కు ఇది. పిల్ల కొంగలకు ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. వరి నాట్లు తినే నత్తలను ఇది తింటుంది కాబట్టి రైతుకు చుట్టమే.

ఎర్రకాళ్ల కొంగ: పసుపు ముక్కును సగం తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తుంది. చేప తగిలిందంటే టక్కున మూస్తుంది. కంటితో చూసి కాదు, తాకిడితో పడుతుంది. అందుకే బురదనీళ్లలోనూ దీనికి తిండి దొరుకుతుంది.

తెడ్డుమూతి కొంగ: ముక్కు చివర తెడ్డులా వెడల్పుగా ఉంటుంది. పైరు కోసేవాడు కొడవలి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతూ పోతుంది.

తెల్ల కంకణాయి: ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. బురదలో గుచ్చి పురుగులను, చిన్న పీతలను ఏరుకుంటుంది.

నీటికాకి: నీళ్లలో మునిగి చేపను వెంటాడుతుంది. పైకొచ్చాక రెక్కలు చాపి ఎండలో కూర్చుంటుంది. దీని రెక్కలు నీళ్లకు తడుస్తాయి, ఆరబెట్టుకోవాలి. మన హాస్టల్ పిట్టగోడ మీద ఆదివారం ఉతికిన చొక్కాల్లాగే.

ఫ్లెమింగో: తల కిందులుగా పెట్టి నీళ్లను వడగట్టి తింటుంది. గులాబిరంగు దానికి పుట్టుకతో వచ్చింది కాదు. తిండిలోని నాచు, సన్నటి రొయ్యల నుంచి వచ్చే రంగు అది.

గుడ్డికొంగ: మన ఊరి చెరువు దగ్గర రోజూ కనిపించేదే. కూర్చుంటే మట్టిరంగులో కలిసిపోతుంది, లేచి ఎగిరిందంటే తెల్లటి రెక్కలు మెరుస్తాయి. మనిషి దగ్గరికి వచ్చేదాకా కదలదు కాబట్టి కళ్లు కనిపించవనుకొని మనవాళ్లు గుడ్డికొంగ అన్నారు. అది గుడ్డిది కాదు. కదలకపోతే ఎవరికీ కనపడనని దానికి తెలుసు.

ఈ పేర్లు కొన్ని పుస్తకాల్లో ఉన్నాయి, కొన్ని మన ఇళ్లలోనే ఉన్నాయి. ఊరికి వెళ్లినప్పుడు తాతను, అవ్వను అడగండి. ఒకే పక్షికి ఊరికో పేరు ఉంటుంది. అన్నీ రాసుకోండి. మన పల్లెల్లో కొంగలకు ఉచ్చులు పెట్టి పట్టి తిన్నవాళ్లూ ఉన్నారు. ఆకలి కాలంలో జరిగినదానికి సిగ్గుపడనక్కర్లేదు. ఏ కొంగ ఎప్పుడొస్తుంది, ఎక్కడ దిగుతుంది, గాలి ఎటు ఉంటే ఎటు లేస్తుంది అన్న సంగతులు వాళ్లకు తెలిసినంతగా చాలామందికి తెలియవు. ఆ తెలివిని వాళ్ల దగ్గర నేర్చుకొని, ఉచ్చును మాత్రం వదిలేద్దాం.

'సైబీరియా కొంగలు' అనకండి

చలికాలం రాగానే ఎక్కడ పెద్ద కొంగ కనిపించినా 'సైబీరియా నుంచి వచ్చింది' అంటారు. ఇది పెద్ద పొరపాటు. నేలపట్టు గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మన ప్రాంతపు పక్షులే. భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలే వాటి ఇల్లు. నీళ్లున్న చోటికి, చేపలున్న చోటికి మారుతూ ఉంటాయి, అంతే. చెరకు నరకడానికి, ఇటుక బట్టీలకు వలస పోయి వచ్చే మన ఊరివాళ్లను ఎవరైనా పరాయివాళ్లంటామా?

నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు వంటి బాతులు, సన్నకాళ్ల ఉల్లంకులు మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి చలికి తట్టుకోలేక వస్తాయి. అవి ఇక్కడ గూడు కట్టవు. ఎండలు ముదిరే లోపల తిరిగి వెళ్లి అక్కడే పిల్లలను చేస్తాయి. పులికాట్ ఫ్లెమింగోలూ ఇక్కడ గుడ్లు పెట్టవు. మన దేశంలో పెద్ద ఫ్లెమింగోలు గూళ్లు కట్టే ముఖ్యమైన చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువైన ప్రశ్న: 'ఈ పక్షి ఇక్కడ గూడు కట్టిందా?' కట్టిందంటే ఇది దాని పుట్టినిల్లు.

మేము చేసిన తప్పు

ఇది జరిగింది నేలపట్టులో కాదు. మేము హాస్టల్లో చదువుకునే రోజుల్లో దగ్గరి ఊరి చెరువులో జరిగింది. చెరువు మధ్యలో నాలుగైదు తుమ్మచెట్లు ఉండేవి. చలికాలంలో వాటి మీద తెల్లకొంగలు, నీటికాకులు గూళ్లు పెట్టేవి. మాలో ఒకడికి వాళ్ల బావ పాత కెమెరా ఒకటి ఇచ్చాడు. అందులో ఫిల్ము కొంచెమే మిగిలి ఉంది. గూట్లో ఉన్న పిల్లలను దగ్గరగా ఫొటో తీసి, వార్షికోత్సవం నాడు గోడపత్రికలో అంటించాలని మా ఆశ.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బయలుదేరాం. మోకాళ్ల లోతు నీళ్లలో దిగి చెట్టు కిందికి పోయాం. మేము దగ్గరికి వచ్చేసరికి కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం తెల్లబడిపోయింది. ఎంత బాగుందో అనుకున్నాం. వాడు ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి అని మేమే తొందరపెట్టాం.

కొంగలు లేచిన కాసేపటికే కాకులు వచ్చాయి. ఎక్కడ నుంచి వచ్చాయో తెలియదు, మేము వస్తామని ఎదురు చూసినట్టే వచ్చాయి. కళ్ల ముందే గూట్లోంచి గుడ్లు ఎత్తుకుపోయాయి. మేము కేకలు వేస్తే కొంగలు ఇంకా బెదిరిపోయాయి గాని కాకులు పోలేదు. ఒక పిల్ల బెదిరి కొమ్మ జారి నీళ్లలో పడింది. దాన్ని పట్టుకొని గట్టుకు వచ్చాం. అక్కడ గేదెలు మేపుతున్న పెద్దాయన అంతా చూశాడు. తిట్టలేదు. 'ఏమబ్బయా, మీరు ఫొటో తీసుకున్నారు, కాకులు గుడ్లు తీసుకున్నాయి' అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ పిల్లను అట్టపెట్టెలో పెట్టుకొని హాస్టల్‌కు తెచ్చాం. చిన్న చేపలు తెచ్చి పెట్టాం. తినలేదు. మూడో రోజు పొద్దున స్టడీ అవర్‌కు లేచి చూసేసరికి చనిపోయి ఉంది. ఫిల్ము కడిగించాక చూస్తే ఫొటోల్లో తెల్లటి మరకలు తప్ప ఏమీ లేవు. గోడపత్రికలో ఏదీ అంటించలేదు.

తర్వాత మాకు తెలిసిందేమిటంటే, మేము మూడు తప్పులు చేశాం. ఒకటి, గూళ్లున్న కాలంలో గూటి దగ్గరికి పోవడం. రెండు, మిట్టమధ్యాహ్నం పోవడం. ఆ వేళ తల్లి రెక్కల నీడ లేకపోతే ఈకలు రాని పిల్లలు ఎండకే చచ్చిపోతాయి. మూడు, కింద పడ్డ పిల్లను ఇంటికి తేవడం. దాన్ని అక్కడే కొమ్మ మీద పెట్టి మేము దూరంగా వచ్చేసి ఉంటే బతికే అవకాశం ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను పాడుచేయడం, కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. మేము తుపాకీ పట్టలేదు, ఉచ్చు వేయలేదు. అయినా వేటాడినట్టే అయింది.

అప్పటి నుంచి మాకు ఒకటే కొలత. పక్షి మన వైపు తిరిగి మెడ నిక్కిస్తే ఆగాలి. తినడం మానేస్తే ఒక అడుగు వెనక్కి వేయాలి. ఎగిరిపోయిందంటే మనం తప్పు చేసినట్టు.

ఏమేం తీసుకెళ్లాలి?

1. నోటుబుక్కు, పెన్సిల్. పెన్నుతో రాస్తే చెమ్మకు అలుక్కుపోతుంది.

2. మట్టిరంగు, ఆకుపచ్చ లేదా బూడిదరంగు బట్టలు. తెల్ల యూనిఫాం చొక్కా వద్దు.

3. నీళ్ల సీసా, టోపీ లేదా తువ్వాలు. తిన్న పొట్లాల కాగితాలు మళ్లీ సంచిలోనే రావాలి.

4. బైనాక్యులర్ ఒకటి ఉంటే పదిమందికి సరిపోతుంది. దాని మీద 8×42 అని ఉంటే, వస్తువు 8 రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. ఆ అద్దం పెద్దదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తాడు మెడలో వేసుకోవాలి. దాంతో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు.

5. పొద్దున ఆరున్నరకల్లా చెరువు దగ్గర ఉండాలి. ఎండెక్కితే పక్షులు తక్కువ కదులుతాయి, వెలుతురూ కళ్లకు కొడుతుంది.

నోటుబుక్కులో ఏం రాయాలి? తేదీ, సమయం, చోటు, వాతావరణం, పక్షి పేరు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోతే బొమ్మ వేసి, ముక్కు, కాళ్లు, తోక ఎలా ఉన్నాయో రాయండి. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు.

రాసుకున్న నోటుబుక్కు విలువ ఏమిటో చెప్పే ఒక సంగతి. కె.కె. నీలకంఠన్ గారు కేరళకు చెందిన ఇంగ్లీషు అధ్యాపకుడు. 1946లో పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతుల గూళ్ల గుంపును చూసి, గమనించినవన్నీ రాసుకున్నారు. దాని మీద ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. మన గడ్డ మీద అప్పట్లో గూడబాతులు ఎక్కడ ఎలా బతికాయో ఈనాటికీ మనకు చెప్పే ఆధారాల్లో అదొకటి. పాఠాలు చెప్పుకొనే మనిషి తీరిక వేళ రాసుకున్నది చరిత్ర అయింది.

లెక్క పెట్టడం ఎలా?

గుంపులో వెయ్యి పక్షులుంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. మొదట 10 పక్షులను లెక్కపెట్టి, అవి ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకోండి. అంత చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోండి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. దేశదేశాల్లో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు చెరువుల దగ్గర నిలబడి ఇలాగే లెక్కపెడతారు. డిగ్రీలు అడగరు, జాగ్రత్తగా లెక్కపెట్టడం వస్తే చాలు.

మన హాస్టల్ బీరువాలో ఉన్న పక్షుల రిజిస్టరులో ఒక ఏడు ఊరి చెరువు పేజీలో తెల్లకొంగ గూళ్లు '0' అని ఉంటుంది. ఒక తమ్ముడు 'ఏమీ లేనప్పుడు ఎందుకు రాశారు?' అని అడిగాడు. ఆ ఏడు చెరువు నిండలేదు. ఆ సున్న లేకపోతే నీళ్లకూ గూళ్లకూ ఉన్న సంబంధం మనకు తెలిసేది కాదు. లేనిదాన్ని లేదని రాయడం కూడా శాస్త్రమే.

ఫొటో తీసేవాళ్లకు

ఇప్పుడు చాలామంది అన్నల చేతుల్లో ఫోన్లున్నాయి. ఫోనుతోనూ మంచి ఫొటో వస్తుంది. ఇవి పాటించండి.

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. పొద్దున మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట మంచి వెలుతురు.

తెల్లకొంగను తీసేటప్పుడు ఫోను తెర మీద వెలుతురు కొంచెం తగ్గించండి. లేకపోతే ఈకలు కనపడక సున్నం ముద్దలా వస్తుంది.

బైనాక్యులర్ ఒక కంటి అద్దానికి ఫోను కెమెరాను సరిగ్గా ఆనిస్తే దూరపు పక్షి కూడా వస్తుంది. చెయ్యి కదలకుండా గోడకో చెట్టుకో ఆనుకోండి.

కెమెరా ఉన్నవాళ్లు, ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు లేదా అంతకంటే ఎక్కువ పెట్టుకోవాలి. పక్షి కన్ను స్పష్టంగా ఉంటే ఫొటో సగం బాగున్నట్టే.

ఫ్లాష్ వాడవద్దు. ఫోనులో పక్షి కూతలు పెట్టి పిలవవద్దు. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టవద్దు, రాళ్లు వేయవద్దు. అవి వాటంతట అవే ఎగురుతాయి, ఓపిక పట్టండి.

గూటి ఫొటోలు తీయవద్దు. నేలపట్టులోలాగా కావలి మంచె ఉన్నచోట, మంచె మీద నుంచే చూడండి.

పక్షి ఒక్కదాన్నే కాదు, దాని చెరువును, చెట్టును, అక్కడ వల విసిరే మనిషిని కూడా, ఆయన్ని అడిగి, ఫొటోలో చేర్చండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫొటోకు విలువ ఎక్కువ.

చెరువు ఎవరిది?

మాలో ఒకరు ఉద్యోగ శిక్షణకు ఢిల్లీ వెళ్లినప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చూసి వచ్చారు. అది కర్కటరేఖకు ఉత్తరాన, ఉప ఉష్ణమండలంలో ఉన్న చిత్తడి నేల. సుమారు 29 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు మహారాజులు, దొరలు బాతులను కాల్చే చోటు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారని అక్కడి రాతిపలక మీద చెక్కి ఉంది. ఇప్పుడు అదే చోట, రిక్షా తొక్కేవాళ్లు చూడవచ్చినవాళ్లకు పక్షుల పేర్లు, అలవాట్లు చెబుతున్నారు. అక్కడ తుపాకీ పోయి కళ్లు మిగిలాయి. రిక్షావాలా గురువయ్యాడు.

అక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. 1982లో అది జాతీయ ఉద్యానం అయ్యాక గేదెల మేతను నిషేధించారు. ఊళ్లవాళ్లు ఎదురుతిరిగితే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. తర్వాత శాస్త్రవేత్తలు పరిశోధిస్తే, గేదెలు మేయకపోవడంతో గడ్డి పెరిగి నీళ్లను కప్పేస్తోందని, దాంతో పక్షులకే ఇబ్బంది అని తేలింది. పేదవాడి గేదెకు కూడా ఆ చెరువులో పని ఉందన్నమాట.

మన కొల్లేరు కథ కూడా ఆలోచించదగ్గది. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు అక్కడ చేపల చెరువులు ఇచ్చింది. పోను పోను పెట్టుబడి ఉన్నవాళ్లు లీజుల పేరుతో దిగారు, చెరువులు సరస్సును కమ్మేశాయి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువుల గట్లను కొట్టేశారు. సరస్సుకు ఊపిరి కావలసిందే. కాని ఆ దెబ్బ పెద్దలకే కాదు, సంఘంలో చిన్న వాటా ఉన్నవాళ్లకు, చెరువు కూలీలకు కూడా తగిలింది. పక్షా, మనిషా అని అడిగితే మేము జవాబు చెప్పం. ఆ ప్రశ్నే తప్పు. సరస్సు చచ్చిపోతే ముందుగా పస్తులుండేది వల వేసేవాడే.

పక్షీ మనిషీ కలిసి బతికిన చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. తమిళనాడులోని వేదంతాంగల్ ఊరివాళ్లు తమ చెరువు పక్షులను సిపాయిలు కాలుస్తున్నారని మొరపెట్టుకొని, 1798లోనే కలెక్టరు నుంచి రక్షణ పత్రం తెచ్చుకున్నారు. వాళ్లకు తెలుసు, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కూడా ఊరి మధ్యనే కొంగలు గూళ్లు కడతాయి. అక్కడ పక్షులను నిలబెట్టింది ఊరివాళ్ల ఆదరణే.

ముగింపు

తమ్ముళ్లూ, ఈ పాఠానికి మార్కులు లేవని మొదటే చెప్పాం. కాని దీనివల్ల ఓపిక వస్తుంది, చూసింది చూసినట్టు రాసే నిజాయితీ వస్తుంది. మన పల్లెలో మన పెద్దలకు తెలిసింది కూడా చదువేనన్న ధైర్యం వస్తుంది. కెమెరా లేదని దిగులు పడవద్దు. మాకు కెమెరా ఉన్న రోజే మేము ఏమీ చూడలేకపోయాం.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. ఇంట్లో వాడని బైనాక్యులర్ ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి. అది లేకపోతే చలికాలంలో ఒక ఆదివారం ఇవ్వండి. పిల్లలతో కలిసి చెరువుగట్టున కూర్చోండి.

మొన్నటి ప్రయాణంలో నేలపట్టు మంచె మీద ఒక ఎనిమిదో తరగతి తమ్ముడు గంటసేపు ఒకే గూడును బైనాక్యులర్‌తో చూశాడు. తల్లి వచ్చి దిగడం, పిల్ల తలను తల్లి గొంతులో పెట్టి చేప తినడం చూశాడు. దిగి వచ్చాక వాడి నోటుబుక్కు చూశాం. ఒకే వాక్యం ఉంది: 'మేము ఉన్నట్టు దానికి తెలియలేదు.'

ఆ వాక్యానికి మేము పూర్తి మార్కులు వేశాం.